పేర్రాజుగారి రెండో అబ్బాయి

"పన్నెండేళ్ళు కబురు తెలియకపోతే చాలు, పోయినట్టే అంటారు వదినా. ఇప్పటికి ముప్పై మూడయ్యాయి," అన్నారు మా మామగారి చెల్లెలు ఇంద్రాణి అత్తయ్య, నాలుగోసారి.

"నాలుగుసార్లు కాదు, నలభైసార్లు చెప్పు. నేను ఒప్పుకోను," అన్నారు మా అత్తగారు. ఆవిడ గోరుచిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. కాయ తుంచిన చప్పుడు మామూలుకంటే గట్టిగా వినిపిస్తోంది.

"నువ్వు ఒప్పుకోకపోతే వాడు తిరిగొస్తాడా?"

"ఒప్పుకుంటే వస్తాడా?"

వాళ్ళిద్దరి మధ్య డైనింగు టేబుల్ దగ్గర మా ఆయన శేషగిరి ఫోను పట్టుకుని కూర్చున్నాడు. పై ఆదివారం మహాలయ అమావాస్య. తర్పణాలకి పెద్దల పేర్లు, వరసలు శుక్రవారంలోపు పంపమని శాస్త్రిగారు వాట్సాప్‌లో మెసేజి పెట్టారు. తాతగారు పేర్రాజు, నాయనమ్మ, తండ్రి మల్లికార్జున, ఇలా అందరినీ టైపు చేసి, 'భీమేశ్వరరావు, పినతండ్రి' అన్నచోట ఆగిపోయాడు. అరగంట నుంచీ అక్కడే ఉన్నాడు.

"రాయనా, వద్దా? ఒకటి తేల్చండి. నేను స్నానానికి వెళ్ళాలి."

"రాయి," అన్నారు ఇంద్రాణి అత్తయ్య.

"రాయకు," అన్నారు అత్తగారు.

"పప్పా, డ్రాఫ్ట్‌లో పడేసి ఉంచు నా," అంది సాత్విక సోఫాలోంచి. మా అమ్మాయికి తెలుగు అంతా అర్థమవుతుంది. మాట్లాడటమే, సగం హిందీ, ఇంగ్లీషు కలిపి. "వైసే, హూ ఈజ్ హీ?"

అత్తగారు ఇంకో కాయ తుంచారు.

శేషగిరి గొంతు తగ్గించాడు. "అమ్మా, బతికున్న మనిషికి నువ్వులూ నీళ్ళూ వదలకూడదు, సరే. పోయినవాడికి వదలకపోయినా తప్పేనట కదా."

"పోయాడని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా?" అన్నారు ఇంద్రాణి అత్తయ్య. "ఉంటే ఒక్కసారైనా గుమ్మంలోకి రాడా? అమ్మ పోయింది, నాన్న పోయాడు, రాలేదే! నోటి దగ్గర ముద్ద లాగేస్తే ఏమైపోతాడు ఆ పిల్లాడు..."

అక్కడితో ఆపేశారు. అత్తగారు చేటతో సహా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఇంకా సగం కాయలు మిగిలే ఉన్నాయి.

ముద్ద లాగేయడం అన్నది మా ఇంట్లో చాలా పాతమాట. నేను కాపురానికి వచ్చినప్పటికే దాని వయసు పదేళ్ళు.

1992 మే నెలలో మా మామగారు మల్లికార్జున ఆఫీసులో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. కేంద్ర ప్రభుత్వంలో గుమస్తా. ఢిల్లీ ఆర్.కె.పురంలో రెండు గదుల క్వార్టరు. అత్తగారికి అప్పుడు ముప్పై అయిదేళ్ళు, శేషగిరికి పన్నెండు. మామగారి తమ్ముడు భీమేశ్వరరావు, ఇరవై రెండేళ్ళవాడు, డిగ్రీ అయ్యాక కాకినాడ నుంచి వచ్చి వాళ్ళింట్లోనే ఉంటూ ఉద్యోగాల పరీక్షలు రాస్తుండేవాడు. సర్వీసులో ఉండగా పోయిన మనిషి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. అప్పట్లో దగ్గరి బంధువుకైనా ఇచ్చేవారట. పదమూడో రోజున పెద్దలంతా కూర్చుని తేల్చేశారు. ఉద్యోగం తమ్ముడికి. వదిన పిల్లాడిని తీసుకుని కాకినాడ వెళ్ళి అత్తమామల దగ్గర ఉంటుంది. అతను నెలనెలా పంపిస్తాడు.

అత్తగారు అప్పుడు ఏమీ అనలేదు. రెండు నెలలు ఆలోచించుకున్నారు. జులై నెలాఖరున ఎవరికీ చెప్పకుండా రెండు బస్సులు మారి మామగారి ఆఫీసుకి వెళ్ళి, దరఖాస్తు మీద తన పేరు రాసి సంతకం పెట్టి వచ్చారు. ఇంటర్ పాసై, పెళ్ళికి ముందు టైపు నేర్చుకున్న మనిషి. ఆ రాత్రే మరిదికి చెప్పారు. అతను 'అలాగే వదినా' అన్నాడు. ఆ ఆదివారం, ఆగస్టు రెండో తారీఖు సాయంత్రం, 'లక్ష్మీనగర్‌లో ఫ్రెండు రూముకి వెళ్ళొస్తాను' అని చేతిసంచి పట్టుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

వెతికారు. పోలీసు రిపోర్టు ఇచ్చారు. తెలుగు పేపర్లో ఫొటో వేయించారు. ఆసుపత్రుల్లో చూశారు, మార్చురీల్లో చూశారు. హరిద్వార్‌లో ఎవరో తెలుగు కుర్రాడు సన్యాసుల్లో కలిశాడంటే పన్నెండేళ్ళ శేషగిరిని వెంటబెట్టుకుని అత్తగారు అక్కడికీ వెళ్ళారు. లక్ష్మీనగర్ రూముకి వెళితే ఖాళీ చేశారన్నాడు ఇంటి ఓనరు. అత్తగారి ఉద్యోగం మాత్రం నవంబరులో వచ్చింది. క్వార్టరు నిలిచింది, శేషగిరి చదువు నిలిచింది. పాతికేళ్ళు చేసి రిటైరయ్యారు. ఈ మయూర్ విహార్ ఫ్లాటు ఆ ఉద్యోగం మీద వచ్చిందే. కానీ కాకినాడలో ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు ముద్ద మాట ఎత్తేవారు. చివరికి అత్తగారు పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానుకున్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళేసరికి ఆవిడ కుళాయి తిప్పి కాయలు కడుగుతున్నారు, కడిగినవే.

"అత్తయ్యా, నేను ఓటర్ల జాబితాల్లో చూడనా?" అన్నాను.

మా స్కూల్లో టీచర్లకి ఓటర్ల జాబితా డ్యూటీ కూడా ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి ఎవరున్నారు, ఎవరు మారారు, ఎవరు పోయారు అని రాసుకోవాలి. జాబితాలు ఎవరైనా చూడొచ్చు, వెబ్‌సైటులో ఉంటాయి. ఎలా చదవాలో తెలిస్తే చాలు.

"వద్దు."

"పేరుంటే..."

"లేకపోతే?" కుళాయి కట్టేశారు. "ఉన్నాడో లేదో తెలియనంతకాలం నేను ఎలాగోలా అన్నం తింటున్నాను మైథిలీ. ఏ ఫుట్‌పాత్ మీదో పోయాడని నీ కాగితం చెబితే, ఇంద్రాణి అన్నమాట నిజమే అవుతుంది. ఈ ఇల్లూ, ఈ గిన్నెలూ అన్నీ అతనివే అవుతాయి. వద్దు."

నేను కాయల గిన్నె అందుకుని నీళ్ళు వంపేశాను.

మర్నాడు సాయంత్రం స్కూలు పని ముందేసుకుని కూర్చుంటే ఆవిడే వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నారు. నా రిజిస్టరు తిరగేశారు. ఆఫీసులో పనిచేసిన చెయ్యి కాబట్టి పేజీలు తడి వేలితో కాకుండా అంచు పట్టుకుని తిప్పుతారు.

"పోయినవాళ్ళని ఎలా రాస్తారు?"

"పేరు మీద గీత కొట్టి 'తొలగింపు' అని ఉంటుంది."

"ఎప్పుడు పోయారో ఉంటుందా?"

"ఉండదు. ఏ ఏడాది తీసేశారో తెలుస్తుంది."

రిజిస్టరు మూశారు. "రాత్రి ఇంద్రాణి కూడా నిద్రపోలేదు," అన్నారు. "దాని తమ్ముడే కదా. చూడు. ఏది కనిపించినా ముందు నాకే చెప్పు. శేషుకి కూడా కాదు. నాకు."

ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచిస్తే నాకు తెలిసినచోటు ఒక్కటే, లక్ష్మీనగర్. 2002 నాటి పాత జాబితాలు ఈమధ్యే వెబ్‌సైటులో పెట్టారు. అన్నీ స్కాను చేసిన హిందీ కాగితాలు. పేరు కొట్టి వెతకడం కుదరదు, పేజీ పేజీ కళ్ళతో చదువుకోవాల్సిందే. లక్ష్మీనగర్ చుట్టుపక్కలవే అరవై భాగాలు, ఒక్కోదాంట్లో వెయ్యి పేర్లు. సాత్వికని పిలిచి సగం ఇచ్చాను. హిందీ దానికి నాకంటే వేగం.

"కిస్‌కో ఢూండ్ రహే హై?"

"పేరు భీమేశ్వరరావు, తండ్రి పేరు పేర్రాజు. మీ తాతగారి తమ్ముడు."

"పేర్రాజు?" నవ్వింది. "మమ్మా, ఢిల్లీలో ఈ నాన్న ఇంకెవరికీ ఉండడు. ఈజీ."

ఈజీ ఏమీ కాలేదు. సోమవారం సాయంత్రం, మంగళవారం సాయంత్రం అదే పని. గుప్తాలు, శర్మలు, జైన్‌లు, ఒకే గదిలో ఎనిమిదిమంది వేర్వేరు తండ్రుల కొడుకులు. ఇంద్రాణి అత్తయ్య వచ్చి చూసి, "ఏమిటర్రా తల్లీకూతుళ్ళు?" అంటే స్కూలు పని అన్నాను. అత్తగారు మాత్రం అడగలేదు. టీ కప్పులు తెచ్చి పెట్టి, స్క్రీను వైపు చూడకుండా వెళ్ళిపోయేవారు.

బుధవారం నాలుగింటికి సాత్విక కుర్చీలోంచి లేచి నిలబడింది. వేలితో చూపించింది.

ఇంటి నంబరు డి-114. భీమేశ్వరరావు, తండ్రి పేర్రాజు, పురుషుడు, వయసు 32. దాని కింద వరసలో వైశాలి, భర్త భీమేశ్వరరావు, స్త్రీ, వయసు 28.

ఇల్లు వదిలి వెళ్ళిన పదేళ్ళకి అతను బతికున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, ఓటేస్తున్నాడు. అత్తగారు పక్కగదిలోనే ఉన్నారు. వెళ్ళి చెప్పేద్దామనుకుని ఆగాను. అది ఇరవై మూడేళ్ళ కిందటి కాగితం. ఆ తర్వాత ఏదో ఒక ఏడాది గీత పడి ఉంటే?

పడలేదు. తర్వాతి ఏళ్ళ జాబితాల్లో లక్ష్మీనగర్ నుంచి పేరు తీసేసిన మాట నిజమే. కానీ దాని ముందు 'మారారు' అని గుర్తు, ఇద్దరి పేర్లకీ ఒకేసారి. ఇల్లు మారినవాళ్ళ జాబితా అలాగే ఉంటుంది. ఇప్పటి పేర్లు వెబ్‌సైటులో నేరుగా వెతకొచ్చు. ఢిల్లీలో లేదు. హర్యానాలో లేదు. ఉత్తరప్రదేశ్‌లో కొట్టగానే ఒక్క వరస వచ్చింది. భీమేశ్వరరావు, పేర్రాజు, 55. ఘాజియాబాద్, ఇందిరాపురం. ఆ భాగం మొత్తం దింపుకుని చూస్తే అదే ఫ్లాటు నంబరు కింద వైశాలి, 51. నవదీప్, తండ్రి భీమేశ్వరరావు, 22.

"ఇందిరాపురం?" అంది సాత్విక. "ఘాజీపూర్ కే ఉస్ పార్? మా ఫ్రెండు అక్కడే ఉంటుంది. మెట్రో కూడా అక్కర్లేదు మమ్మా, ఆటో."

మేం పండగలకి పూలు కొనుక్కునే ఘాజీపూర్ మండీ దాటితే ఇందిరాపురం. ఆరు కిలోమీటర్లు.

ఇక సాత్విక ఊరుకోలేదు. పేరూ తండ్రిపేరూ పెట్టి ఎక్కడెక్కడో వెతికింది. వాళ్ళ అపార్టుమెంట్ల సొసైటీ వాళ్ళు మీటింగు మినిట్స్ ఇంటర్నెట్‌లో పెడతారట. అందులో ఒకచోట 'శ్రీ భీమేశ్వరరావు, బి టవరు లిఫ్టు మూడు నెలలుగా బాగుచేయలేదని అభ్యంతరం తెలిపారు' అని ఉంది. తర్వాతి మీటింగులో అదే అభ్యంతరం. ఆ తర్వాతి మీటింగులోనూ. ప్రభుత్వ ఉద్యోగుల ఆటలపోటీల ఫలితాల్లో, 2016, క్యారమ్స్, నలభై దాటినవారు, రెండో బహుమతి. రెండేళ్ళు జైపూర్ బదిలీ, తిరిగి ఢిల్లీ. చివరికి ఒక ఆఫీసు సీనియారిటీ జాబితా దొరికింది, నాలుగు వందల పేర్లు, సన్నటి అక్షరాలు. నేను అతని వరస మీద పెన్సిలు గీత గీసి అన్నిటి అడుగున పెట్టాను. ఉద్యోగం కూడా చేస్తున్నాడన్నమాట అనుకున్నాను, అంతే.

గురువారం స్కూలు నుంచి వచ్చేసరికి ఇంద్రాణి అత్తయ్య గుర్‌గావ్‌లో కొడుకు జశ్వంత్ దగ్గరికి వెళ్ళారు, సాయంత్రం వస్తానని. అత్తగారు మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతున్నారు. నా చేతిలో కాగితాలు చూడగానే మడత ఆగిపోయింది.

"ఉన్నారు," అన్నాను గుమ్మంలోంచే. ఆవిడని ఒక్క క్షణం కూడా ఆపాలనిపించలేదు.

"ఎవరు?"

"మీ మరిదిగారు. బతికే ఉన్నారు. బాగానే ఉన్నారు."

ఆవిడ చేతిలో ఉన్న చొక్కా ఒళ్ళో పెట్టుకున్నారు. "ఎక్కడ?"

"ఇందిరాపురం."

"ఎక్కడి ఇందిరాపురం?"

"మనదే అత్తయ్యా. ఘాజీపూర్ అవతల."

కళ్ళజోడు కోసం దిండు పక్కన తడుముకున్నారు. దొరకలేదు. నేను తీసి ఇచ్చాను. ఒక్కొక్క కాగితం కిటికీ వెలుతురులో పెట్టుకుని, వేలు ఆనించి, వరస తప్పకుండా చదివారు. వైశాలి దగ్గర ఆగి, "మనవాళ్ళ పిల్ల కాదనుకుంటా," అన్నారు. నవదీప్ దగ్గర ఆగి, "ఇరవై రెండు. అతను వెళ్ళిపోయిన వయసే," అన్నారు. లిఫ్టు గొడవ చదివి ముక్కుతో నవ్వారు. క్యారమ్స్ బహుమతి చూసి గట్టిగానే నవ్వారు.

"ఓడిపోతే బోర్డు మీద పౌడరంతా ఊదేసేవాడు. శేషు మొహం తెల్లగా అయిపోయేది. రెండో బహుమతి వచ్చిన రోజున ఆఫీసంతా పౌడరే అయుంటుంది."

చివరి కాగితం తీసుకున్నారు. నాకు ఆ కాగితంలో ఒక పేరూ ఒక గీతా తప్ప ఏమీ కనిపించలేదు. ఆవిడ అలాంటి జాబితాలు పాతికేళ్ళు టైపు చేశారు. పేరు చూడలేదు. నేరుగా గళ్ళ మీదికి వెళ్ళింది వేలు. పుట్టినతేదీ. పరీక్ష ఏడాది, 1990. చేరిన తేదీ.

వేలు అక్కడే ఉండిపోయింది.

"మైథిలీ, ఇక్కడ ఏముందో చదువు."

"మూడు, ఎనిమిది, తొంభై రెండు."

"ఆగస్టు మూడు." కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "ఏ వారమో ఫోన్లో చూడు."

చూశాను. "సోమవారం."

"ఆదివారం సాయంత్రం వెళ్ళాడు. సోమవారం పొద్దున్న ఉద్యోగంలో చేరాడు."

నాకు అప్పటికీ పూర్తిగా ఎక్కలేదు. ఆవిడే చెప్పారు, సెక్షన్లో కొత్తగా వచ్చిన పిల్లకి చెప్పినట్టు.

"ఈ ఉద్యోగం ఆదివారం అడిగితే సోమవారం ఇచ్చేది కాదు. తొంభైలో పరీక్ష. ఆ తర్వాత ఫలితాలు, సర్టిఫికెట్లు, పోలీసుల విచారణ, డాక్టరు పరీక్ష. అన్నీ అయ్యాక ఆఫర్ ఉత్తరం వస్తుంది. చేరడానికి నెల, నెలన్నర గడువిస్తారు. నా టేబుల్ మీంచి ఎన్ని వందలు పోయాయనుకున్నావు? ఫ్రెండు రూము చిరునామా ఇచ్చుంటాడు, ఇంటికి ఏమీ రాలేదు మరి. అంటే జులై మొదటికే అతని చేతిలో ఉత్తరం ఉంది. ఫలితం అయితే ఎప్పుడో తెలుసు. పెద్దవాళ్ళు కూర్చుని మీ మామగారి ఉద్యోగం అతనికి రాసిచ్చి నన్ను కాకినాడ బండి ఎక్కిస్తున్నప్పుడు, అక్కడే కూర్చున్నాడు. తెలిసే కూర్చున్నాడు."

"మరి చెప్పొచ్చు కదా అత్తయ్యా!"

"చెబితే రెండు ఉద్యోగాలు ఉన్న ఇల్లయ్యేది. ఒకటి నాకు వదిలేసి రెండోదాంతో అందరినీ సాకమనేవారు. నన్ను, శేషుని, ముసలాళ్ళిద్దరినీ. ఇరవై రెండేళ్ళు. భయపడి ఉంటాడు." కాగితం ఇంకోసారి వెలుతురులోకి పట్టారు. "లేకపోతే నేను సంతకం పెట్టేదాకా ఆగి, నాకు దారి దొరికిందని చూసుకుని వెళ్ళాడో. ఏది నిజమో ఇందులో రాయలేదు."

కోపం వస్తుందేమో అనుకున్నాను. నాకైతే వచ్చింది. ఆవిడ మాత్రం ఆ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని అరచేత్తో సాపు చేశారు.

"నేను లాక్కోలేదు," అన్నారు.

"లేదు అత్తయ్యా."

"అతని నోటి దగ్గర నుంచి నేను తీసుకున్నదేం లేదు. అతని ముద్ద అతని దగ్గరే ఉంది."

"అవును."

"ముప్పై మూడేళ్ళు మైథిలీ." మళ్ళీ నవ్వు మొదలైంది. ఈసారి నవ్వో ఏడుపో తెలియకుండా వచ్చి దగ్గులోకి దిగింది. నీళ్ళు తెచ్చాను. తాగి, చొక్కాలన్నీ పక్కకి తోసేసి, గోడవైపు తిరిగి పడుకున్నారు. పగటిపూట పడుకోవడం నేను ఎన్నడూ చూడని మనిషి. ఆరింటిదాకా లేవలేదు. గురక వినిపిస్తుంటే సాత్విక వచ్చి తలుపు దగ్గర నిలబడి వింది, "దాదీ ఠీక్ హై నా?" అని.

"చాలా బాగున్నారు," అన్నాను.

శేషగిరి ఆఫీసు నుంచి వచ్చాక ఆవిడే పిలిచి చెప్పారు. తను షూస్ కూడా విప్పకుండా నిలబడి విన్నాడు. ముందు ఫోను తీసి ఆ పేరు కొట్టేసి శాస్త్రిగారికి జాబితా పంపేశాడు. అప్పుడు వచ్చింది కోపం.

"ఆరు కిలోమీటర్లా! నేను హరిద్వార్‌లో ప్రతి గడ్డం దగ్గరికీ వెళ్ళి బాబాయేమోనని చూశానమ్మా. చలికి చెప్పులు లేకుండా. ఇప్పుడే వెళ్తాను. తలుపు కొట్టి అడుగుతాను."

"ఏమని?"

"ఏమనా? ఏమనంటే..." కుర్చీలో కూలబడ్డాడు. "నన్ను స్కూలుకి సైకిల్ మీద దింపేవాడు," అన్నాడు చివరికి, వేరే ఎవరి గొంతుతోనో.

"టెక్నికల్లీ ఆ నవదీప్ నాకు బాబాయి అవుతాడు కదా?" అంది సాత్విక. "బాయీస్ సాల్ కా చాచా! ఇన్‌స్టాలో దొరికాడు. మెసేజ్ పెట్టనా?"

"ఉండు," అన్నారు అత్తగారు. "ఇంద్రాణి రానీ."

ఇంద్రాణి అత్తయ్య ఎనిమిదింటికి వచ్చారు, కొడుకింటి నుంచి జంతికల డబ్బాతో. అత్తగారు ఆవిడని కాళ్ళు కడుక్కోమని, కంచం ముందు కూర్చోబెట్టి, మొదట ఒక్కమాటే చెప్పారు. "మీ తమ్ముడు ఉన్నాడు ఇంద్రాణీ. భార్య ఉంది, కొడుకున్నాడు."

ఆవిడ అందరి మొహాలూ చూశారు. ఎవరూ నవ్వడం లేదని చూసి భోరుమన్నారు. అత్తగారు వీపు మీద చెయ్యి వేసి ఉంచారు. "పిల్లాడు... ఆ పిల్లాడు ఎలా ఉన్నాడు వదినా?"

"పిల్లాడేమిటి అత్తా, యాభై అయిదేళ్ళు," అన్నాడు శేషగిరి.

ఏడుపు తగ్గాక అత్తగారు కాగితం ముందు పెట్టారు. తేదీ చూపించారు. మధ్యాహ్నం నాకు చెప్పినట్టే, ఒక్క మాట ఎక్కువ లేకుండా చెప్పారు. ఇంద్రాణి అత్తయ్య ఆ గడి మీద వేలు పెట్టారు. ఆవిడ వేళ్ళకి జంతిక పొడి ఇంకా అంటుకునే ఉంది.

"ఆ సోమవారమే నేను నీకు ఫోన్ చేశాను వదినా. పక్కింటి నంబరుకి. నిన్ను అనరాని మాటలన్నాను. వాడు అప్పుడు ఆఫీసులో కూర్చుని ఉన్నాడన్నమాట."

"సంతకాలు పెడుతూ ఉండుంటాడు. మొదటిరోజు చాలా ఉంటాయి."

"నన్ను ఇప్పుడు ఏమైనా అను వదినా. నేను పడతాను."

"ఇప్పుడు ఓపిక లేదు. అన్నం తిను."

"రేపు పొద్దున్నే వెళ్దాం అత్తా," అన్నాడు శేషగిరి. "నేను సెలవు పెడతాను."

అత్తగారు అందరికీ గోంగూర పప్పు వడ్డించి గరిటె గిన్నెలో పెట్టారు. గొంతు పెంచలేదు.

"ఎవరూ వెళ్ళరు," అన్నారు. "ఇంద్రాణి ఉత్తరం రాస్తుంది, అక్క కాబట్టి. ఉన్నావని తెలిసింది, సంతోషం, అమ్మానాన్న ఫలానా ఏళ్ళల్లో పోయారు, నన్ను చూడాలనిపిస్తే ఈ నంబరుకి చెయ్యి, అని. అంతే రాయి. తేదీ గురించి రాయకు. అతను పిలిస్తే వెళ్ళు, పిలవకపోతే ఊరుకో. మనం కాగితాల్లో దొరకబుచ్చుకున్నాం గానీ అతను దొరుకుతాననలేదు. శేషూ, నీకూ అదే మాట. సాత్వికా, ఆ అబ్బాయికి మెసేజీలు పెట్టకు."

"ఓకే దాదీ," అంది సాత్విక.

"మరి నువ్వు?" అన్నారు ఇంద్రాణి అత్తయ్య. "నువ్వేం రాస్తావు వదినా?"

"నేను రాయను. ఇంటికి వస్తే భోజనం పెడతాను." కుర్చీ లాక్కుని కూర్చుని తన కంచంలో అన్నం పెట్టుకున్నారు. "ఎప్పుడైనా ఎదురుపడితే ఏం చెప్పుకోవాలా అని ఇన్నేళ్ళూ మాటలు పోగుచేసుకున్నాను. ఈ మధ్యాహ్నం అన్నీ ఒకసారి వెతుక్కున్నాను. అతనికి నేను చెప్పుకోవలసింది ఏమీ లేదు."